17 హెర్ట్జ్ దాకా దిగే బేస్ కోసం ఇంట్లోనే భారీ సబ్‌వూఫర్ పెట్టె కట్టుకోవడం ఎలా?

హోమ్ థియేటర్‌లో బేస్ చాలలేదనిపించగానే చాలామంది ఇంకా ఎక్కువ వాట్ల యాంప్లిఫయర్ కోసం వెతుకుతారు. వారు ముందుగా చూసుకోవలసింది గదిలో ఒక బీరువా పట్టేంత ఖాళీ ఉందా అన్నది. శబ్దస్థాయి తగ్గకుండా పౌనఃపున్యం సగానికి దిగాలంటే కోన్ (స్పీకర్‌లో ముందుకూ వెనక్కూ ఊగే గరాటు భాగం) నాలుగింతల గాలిని కదిలించాలి. 40 హెర్ట్జ్ దగ్గర 3 మి.మీ. కదలికతో సరిపెట్టుకున్న కోన్, అదే స్థాయిలో 20 హెర్ట్జ్ వినిపించాలంటే 12 మి.మీ. కదలవలసి వస్తుంది. కేఎల్‌హెచ్ స్పీకర్ల కంపెనీ పేరులోని ‘హెచ్’ అయిన జోసెఫ్ ఆంటన్ హాఫ్‌మన్ పేరు మీద ఈ రంగంలో ఒక ‘ఉక్కు నియమం’ చెలామణిలో ఉంది: లోతైన బేస్, చిన్న పెట్టె, తక్కువ పవర్‌తో ఎక్కువ శబ్దం అనే మూడింటిలో ఏవైనా రెండే దక్కుతాయి. కొనే సబ్‌వూఫర్లు సాధారణంగా చిన్న పెట్టెనే ఎంచుకుంటాయి, ఎందుకంటే వాటిని లారీలో దూరం పంపాలి, కొన్నవారి ఇంట్లో వాళ్లు ఒప్పుకోవాలి. సొంతంగా కట్టుకునేవారికి ఆ మొదటి ఇబ్బంది లేదు, రెండవది ఎవరికి వారు తేల్చుకోవలసినది.

ఇక్కడ వివరించేది ఒకే ఒక్క పెట్టె. 15 అంగుళాల డ్రైవర్ (పెట్టెలో బిగించే స్పీకర్) ఒకటి, నికరంగా 350 లీటర్ల గాలి, లోపలి గాలి 17 హెర్ట్జ్ దగ్గర ఊగేలా శ్రుతి చేసిన రెండు పీవీసీ గొట్టాలు. రెండు ప్లైవుడ్ షీట్లలో మొత్తం పని పూర్తవుతుంది. మీ డ్రైవర్ వేరైతే అంకెలు మారతాయి గాని పని జరిగే వరుస మారదు.

డ్రైవర్, లెక్క

ఆస్ట్రేలియాలో నెవిల్ థీల్ 1961లో, ఆయన తరువాత రిచర్డ్ స్మాల్ 1970లలో ప్రచురించిన పరిశోధన వల్లనే ఈ రోజు మనం డ్రైవర్‌ను చేతిలోకి తీసుకోకముందే దాని పెట్టెను కాగితం మీద గీయగలుగుతున్నాము. డ్రైవర్‌తో వచ్చే పట్టికలో నాలుగు అంకెలు చూడండి. ఎఫ్‌ఎస్ (కోన్ తనంతట తాను ఊగే పౌనఃపున్యం) 20 హెర్ట్జ్ పరిసరాల్లో, క్యూటీఎస్ (ఆ ఊగడం ఎంత త్వరగా ఆగుతుందో చెప్పే అంకె) 0.35 నుంచి 0.45 లోపల, వీఏఎస్ (కోన్ పట్టుకు సమానమైన స్ప్రింగులా పనిచేసే గాలి పరిమాణం) 200 నుంచి 300 లీటర్లు, ఎక్స్‌మాక్స్ (కోన్ శబ్దం చెడకుండా కదలగల దూరం) ఒక వైపుకు 14 మి.మీ.కు తక్కువ కాకుండా ఉన్న డ్రైవర్ ఈ పెట్టెకు తగినది. పెళ్లి ఊరేగింపుల డీజే బాక్సుల్లో వాడే 15 అంగుళాల డ్రైవర్లు చవకగా, గంభీరంగా కనిపిస్తాయి, కాని వాటి ఎఫ్‌ఎస్ సాధారణంగా 35 హెర్ట్జ్ పైనే ఉంటుంది, కోన్ కూడా ఎక్కువ దూరం కదలదు. అవి 50 హెర్ట్జ్ దగ్గర ఛాతీ మీద కొట్టడానికి పుట్టినవి. వాటిని ఎంత పెద్ద పెట్టెలో పెట్టినా 20 హెర్ట్జ్ రాదు. పట్టిక లేకుండా కేవలం ‘1000 వాట్స్’ అని రాసి అమ్మే డ్రైవర్‌ను హైదరాబాద్ కోఠీ గుజరాతీ గల్లీలో కొన్నా, ఆన్‌లైన్‌లో కొన్నా, దానికి పెట్టె లెక్క వేయడం కుదరదు.

ఉదాహరణకు ఎఫ్‌ఎస్ 20, క్యూటీఎస్ 0.4, వీఏఎస్ 250 ఉన్న డ్రైవర్‌కు థీల్ లెక్క ప్రకారం చదునైన ప్రతిస్పందన (పౌనఃపున్యం మారినా ఒకే శబ్దస్థాయి) ఇచ్చే పెట్టె సుమారు 250 లీటర్లు, శ్రుతి 20 హెర్ట్జ్. మనం కావాలనే దాన్ని 350 లీటర్లకు పెంచి, శ్రుతిని 17కు దించుతున్నాము. అప్పుడు బేస్ ఒక్కసారిగా తెగిపోకుండా 30 హెర్ట్జ్ ప్రాంతం నుంచి మెల్లగా వాలుతుంది, తలుపులు మూసిన గది తనంతట తాను కింది పౌనఃపున్యాలను పెంచుతుంది కాబట్టి ఆ వాలు చాలావరకు పూడిపోతుంది. గది పొడవు 20 అడుగులైతే ఈ సాయం సుమారు 28 హెర్ట్జ్ నుంచి మొదలవుతుంది. పెద్ద పెట్టెకు ఒక మూల్యం ఉంది: లోపలి గాలి కోన్‌ను గట్టిగా పట్టి ఉంచదు, తక్కువ వాట్లకే కోన్ తన హద్దుకు చేరుతుంది. అందుకే ఉచితంగా దొరికే విన్‌ఐఎస్‌డీ ప్రోగ్రాంలో మీ డ్రైవర్ అంకెలు వేసి, 20 నుంచి 35 హెర్ట్జ్ మధ్య కోన్ ఎన్ని వాట్లకు ఎక్స్‌మాక్స్ దాటుతుందో చూసిన తరువాతే యాంప్లిఫయర్ కొనండి.

గొట్టం పొడవుకు సూత్రం ఇది. గొట్టం లోపలి వ్యాసాన్ని సెంటీమీటర్లలో తీసుకుని వర్గం చేయండి. దాన్ని గొట్టాల సంఖ్యతోను, 23562.5తోను గుణించండి, శ్రుతి పౌనఃపున్యపు వర్గాన్ని లీటర్లతో గుణిస్తే వచ్చిన అంకెతో భాగించండి, చివరగా వ్యాసానికి 0.732 రెట్లు తీసివేయండి. ప్లంబింగ్ దుకాణంలో 160 మి.మీ. అని అమ్మే గొట్టం లోపల సుమారు 15 సెం.మీ. ఉంటుంది, గోడ మందాన్ని బట్టి కాస్త మారుతుంది కనుక టేపు పెట్టి కొలవండి. 15 సెం.మీ. గొట్టాలు రెండు, 17 హెర్ట్జ్, 350 లీటర్లు అంటే లెక్క 104.8లోంచి 11 పోగా దాదాపు 94 సెం.మీ. వస్తుంది. నాలుగు అంగుళాల గొట్టం ఒక్కటి పెడితే పొడవు ఎంతో తగ్గుతుంది కదా అని ఆశ పడవద్దు. ఆ సన్న గొట్టంలో గాలి వేగం హద్దు మీరి, పెద్ద సన్నివేశంలో ఉఫ్ ఉఫ్‌మని ఊదిన చప్పుడు వినిపిస్తుంది. రెండు పెద్ద గొట్టాలతో ఒక మీటరు దూరంలో 17 హెర్ట్జ్ 110 డెసిబెల్స్ వచ్చినప్పుడు కూడా గాలి వేగం సెకనుకు 12, 13 మీటర్లే ఉంటుంది. ఆ వేగం 17 మీటర్లు దాటనంతవరకు నిశ్చింత.

కోత

350 లీటర్లు నికరం. రెండు గొట్టాలు ఆక్రమించే 38 లీటర్లు, లోపలి బిగింపు పలకల 15, డ్రైవర్ 6 కలిపితే పెట్టె లోపలి కొలత 409 లీటర్లు కావాలి. వెడల్పు 56, లోతు 60, ఎత్తు 122 సెం.మీ. తీసుకుంటే సరిగ్గా అంతే వస్తుంది. 122 ఎందుకంటే ప్లైవుడ్ షీటు వెడల్పు 4 అడుగులు. ఆ వైపు రంపం పెట్టనవసరం లేదు, ఫ్యాక్టరీ అంచే మీ అంచు.

18 మి.మీ. షీటు, 8×4 అడుగులది, రెండు కొనండి. మొదటి షీటును పొడవు వెంట నాలుగు ముక్కలు చేస్తే 60×122 పక్క పలకలు రెండు, 59.6×122 ముందు పలక, వెనుక పలక వచ్చేస్తాయి. రెండవ షీటులో ముందు పలకకు రెండవ పొర ఒకటి 59.6×122, పైకప్పు, అడుగు పలకలు 59.6×65.4 చొప్పున రెండు, 56×60 బిగింపు పలకలు నాలుగు సరిపోతాయి, రంపం తినేసే ప్రతి కోతకు 4 మి.మీ. వదిలినా. ఈ కోతను చేతిరంపంతో చేయవద్దు. ప్యానెల్ రంపం ఉన్న టింబర్ డిపోలో గాని మాడ్యులర్ కిచెన్ పనివారి వద్ద గాని చేయించండి. మూలమట్టంలో 2 మి.మీ. తేడా ఉంటే 122 సెం.మీ. పొడవునా సందు తెరుచుకుంటుంది, సందు తెరుచుకున్న పెట్టె పెట్టె కాదు.

ఎండీఎఫ్ (చెక్క పీచును జిగురుతో అదిమి చేసిన షీటు) వాడమని చాలా విదేశీ మార్గదర్శకాలు చెబుతాయి. అది నునుపుగా కోసుకుంటుంది, అందులో సందేహం లేదు. కాని గోదావరి జిల్లాల వానాకాలపు చెమ్మకు ఎండీఎఫ్ అంచులు ఉబ్బుతాయి, స్క్రూ ఒకసారి తీసి మళ్లీ బిగిస్తే పట్టు పోతుంది, షీటు బరువు కూడా ఎక్కువ. చెదలున్న ఇంట్లో ఇంకా అనవసరం. బీడబ్ల్యూపీ రకం (మరిగే నీటికీ తట్టుకునే) ప్లైవుడ్ ఖరీదు ఎక్కువే అయినా నేను దానికే ఓటు వేస్తాను. పొరల మధ్య బొక్కలు ఉన్నాయేమో కోసిన అంచుల్లో చూసి, ఉంటే లప్పంతో కాకుండా జిగురు కలిపిన రంపపు పొట్టుతో నింపండి.

కోయించే ముందే ఇంకో కొలత తీసుకోండి. పూర్తయిన పెట్టె 80 కిలోల పైచిలుకు తూగుతుంది, ఎత్తు నాలుగడుగులు దాటుతుంది. తలుపులోంచి దూరుతుంది, మెట్ల మలుపులోనే చిక్కు వస్తుంది. వీలైతే ఉండబోయే గదిలోనే కట్టండి.

కూర్పు

ముందు పలకలో డ్రైవర్ రంధ్రం కోయాలి. దాని మధ్యబిందువు లోపలి అడుగు నుంచి 30 సెం.మీ. ఎత్తులో, వెడల్పుకు సరిగ్గా మధ్యలో ఉండాలి. గొట్టాలు పైకప్పు నుంచి కిందికి వేలాడతాయి కనుక డ్రైవర్‌ను కింద పెట్టడమే మంచిది. గొట్టం కింది నోటికి, అడుగు పలకకు మధ్య సుమారు 30 సెం.మీ. ఖాళీ మిగులుతుంది, అది గొట్టం వ్యాసానికి రెట్టింపు. రంధ్రం వ్యాసం డ్రైవర్ పట్టికలో ఉంటుంది. అయినా డ్రైవర్ చేతికి వచ్చేదాకా కోయవద్దు, పట్టికలు రెండు మిల్లీమీటర్లు అబద్ధమాడడం కొత్త కాదు.

బిగింపు పలకలు మూడింటిలో వెనుక భాగాన 16 సెం.మీ. రంధ్రాలు రెండు, ముందు భాగాన పెద్ద కిటికీ ఒకటి తీసి, పెట్టె అడుగు నుంచి 52, 76, 100 సెం.మీ. ఎత్తుల్లో అమర్చండి. గొట్టాలు ఆ రంధ్రాల గుండా దిగడం వల్ల వాటికి వేరే ఆధారం అక్కరలేదు. రెండు గొట్టాల మధ్యబిందువులు ఎడమ గోడ నుంచి 15, 41 సెం.మీ. దూరంలో ఉంటే గోడలకు తగలకుండా ఉంటాయి. నాలుగవ పలకను గుర్రపు నాడా ఆకారంలో కోసి, డ్రైవర్ అయస్కాంతం వెనుక ఇమిడేటట్టు అడ్డంగా పెట్టండి. ఈ పలకలు లేకపోతే అంత పెద్ద పక్క పలక తబలా చర్మంలా ఊగుతుంది, ఆ ఊగడం బేస్‌గా వినిపిస్తుంది గాని సినిమాలో ఉన్న బేస్ అది కాదు.

జిగురు విషయంలో పిసినారితనం పనికిరాదు. నీటికి తట్టుకునే ఫెవికాల్ రకాన్ని రెండు అంచులకూ పూసి, 15 సెం.మీ.కు ఒకటి చొప్పున రెండంగుళాల స్క్రూలు ముందుగా సన్న రంధ్రం వేసి బిగించండి. స్క్రూ పని జిగురు ఆరేదాకా పట్టి ఉంచడమే. వెనుక పలక, పక్కలు, బిగింపు పలకలు మొదట, ఆ తరువాత అడుగు, పైకప్పు, చివరగా ముందు పలక అనే వరుసలో వెళితే ప్రతి మూలకూ చెయ్యి అందుతుంది. మూసే ముందు లోపలి కీళ్లన్నింటి వెంట సిలికాన్ సీలెంటు వేలితో రాసి, ఒక రోజంతా ఆరనివ్వండి, ఎందుకంటే ఆరని సిలికాన్ ఆవిరి డ్రైవర్ అంచు రబ్బరుకు మంచిది కాదు. లోపల మూడు గోడలకు ఒక అంగుళం మందాన దిండ్లలో నింపే పాలిస్టర్ పొర అతికించండి. గొట్టం నోళ్ల దగ్గర మాత్రం ఏమీ ఉండకూడదు. పత్తి వద్దు, చెమ్మ పీలుస్తుంది, పురుగు పడుతుంది.

గొట్టం అంచు కత్తిలా ఉంటే గాలి అక్కడ చీలి చప్పుడు చేస్తుంది. గొట్టం నోటిని హీట్ గన్‌తో చుట్టూ తిప్పుతూ మెత్తబడేదాకా మాత్రమే వేడి చేసి, బోర్లించిన స్టీలు గిన్నె గుండ్రటి అడుగు మీద నెమ్మదిగా అదమండి. నోరు బాకా మూతిలా విచ్చుకుంటుంది, తడిగుడ్డ వేస్తే అలాగే నిలుస్తుంది. రంగు మారేంత వేడి చేయవద్దు, పీవీసీ మాడితే వచ్చే పొగ ప్రమాదకరం. ఈ పని ఆరుబయటే చేయాలి. పై నోరు విచ్చుకున్నాక గొట్టం రంధ్రాల్లోంచి పైనుంచి కిందికే దిగుతుంది, కనుక కింది నోటిని గరుకు కాగితంతో గుండ్రం చేస్తే చాలు.

పొడవు మిల్లీమీటరు లెక్కన కోయాలని కంగారు పడనక్కరలేదు. 94 సెం.మీ.లో పూర్తిగా 10 సెం.మీ. పొరపాటు పోయినా శ్రుతి ఒక హెర్ట్జ్ కూడా మారదు. జిగురు కీలులో ఒక జానెడు సందు చేసే నష్టం అంతకంటే పెద్దది.

డ్రైవర్‌ను చెక్క స్క్రూలతో కాకుండా, లోపలి వైపు టీ-నట్లు (చెక్కలో దిగే మరలున్న ఇనుప నట్లు) కొట్టి, బోల్టులతో బిగించండి. అంచు కింద మెత్తని నురగ టేపు వేయండి. బోల్టులను కారు చక్రానికి బిగించినట్టు ఎదురెదురుగా, కొంచెం కొంచెంగా బిగించాలి.

సందులు వెతకడం, శ్రుతి చూడడం

ఫోనులో స్వరాలు పుట్టించే టోన్ జనరేటర్ యాప్‌తో 30 హెర్ట్జ్ స్వరాన్ని మధ్యస్థంగా వాయించి, ఫ్యాను ఆపి, వెలిగించిన అగరుబత్తిని ప్రతి కీలు వెంట మెల్లగా నడిపించండి. సందు లేని చోట పొగ నిటారుగా లేస్తుంది, సందున్న చోట అది దారంలా వణుకుతుంది. వైర్లు బిగించే టెర్మినల్ కప్పు చుట్టూ తప్పక చూడండి, చాలామంది మరచిపోయేది అక్కడే.

తరువాత స్వరాన్ని 22 హెర్ట్జ్ నుంచి ఒక్కొక్కటిగా 14 దాకా దించండి. శబ్దం తక్కువగానే ఉంచండి, నిలకడ స్వరం కాయిల్‌ను (కోన్‌ను కదిలించే తీగ చుట్టను) కాల్చేస్తుంది. ఒక చోట విచిత్రం కనిపిస్తుంది: కోన్ అంచు మీద ఆనించిన వేలికి దాదాపు ఏమీ తెలియదు, అదే సమయంలో గొట్టం మీద పట్టుకున్న పలుచటి కాగితం రెపరెపలాడుతూ చేతిలోంచి జారిపోతుంది. కోన్ అలా ఆగిపోయే పౌనఃపున్యమే మీ పెట్టె శ్రుతి. అది 16, 18 మధ్య ఎక్కడున్నా సంతోషించండి.

యాంప్లిఫయర్, ఫిల్టర్

శ్రుతికి కింద గొట్టంలోంచి గాలి స్వేచ్ఛగా బయటికి పోతుంది, కోన్‌ను పట్టి ఉంచే స్ప్రింగు మాయమవుతుంది. 10 హెర్ట్జ్ వద్ద ఏ పేలుడు సన్నివేశమో వస్తే కోన్ హద్దు దాటి కాయిల్ అడుగుకు కొట్టుకుంటుంది. కాబట్టి 14 లేదా 15 హెర్ట్జ్ వద్ద, అంతకు కింది శబ్దాలను ఆపే హై-పాస్ ఫిల్టర్ తప్పనిసరి. చాలా ఆడియో-వీడియో (ఏవీ) రిసీవర్లలో అది ఉండదు. శబ్ద సంకేతాన్ని సరిచేసే మినీడీఎస్‌పీ వంటి చిన్న పెట్టెలోనో, కంప్యూటర్ నుంచే సినిమా చూసేవారైతే ఈక్వలైజర్ ఏపీఓ ప్రోగ్రాంలోనో పెట్టుకోవచ్చు. ఈ ఖర్చు వాయిదా వేసి డ్రైవర్‌ను పోగొట్టుకున్నవారిలో నేనూ ఒకడిని.

డ్రైవర్‌కు 4 ఓమ్‌ల కాయిళ్లు రెండుంటే, వరుసగా కలిపితే 8, సమాంతరంగా కలిపితే 2 ఓమ్‌లు. మీ యాంప్లిఫయర్ 2 ఓమ్‌లు మోయగలదో లేదో చూసి కలపండి. అమెరికా నుంచి వచ్చే బంధువుల చేత యాంప్లిఫయర్ తెప్పించుకునేవారు దాని వెనుక వోల్టేజీ చూడకుండా 230 వోల్టుల ప్లగ్గులో పెట్టవద్దు. గుయ్‌మని 50 హెర్ట్జ్ హమ్ వస్తే ముందు కేబుల్ టీవీ వైరు ఊడదీసి చూడండి, తరచుగా దోషం అందులోనే ఉంటుంది. ఎర్త్ పిన్ను మాత్రం ఎప్పుడూ తీసివేయవద్దు.

గదిలో చోటు

మన ఇటుక గోడలు, ఆర్‌సీసీ స్లాబు బేస్‌ను బయటికి పోనివ్వవు. అమెరికాలో కలప చట్రం, జిప్సం పలకల ఇళ్లలో ఉండే మనవాళ్లు ఇదే పెట్టె కట్టుకుంటే కింది బేస్ కొంత గోడల్లోంచి జారిపోతుంది. మన గోడల వల్ల లాభమూ ఉంది, నష్టమూ ఉంది: 12×16 అడుగుల గదిలో 35, 47 హెర్ట్జ్ దగ్గర స్థిర తరంగాలు (గోడల మధ్య కదలక నిలిచిపోయేవి) ఏర్పడి, ఒక కుర్చీలో హోరు, పక్క కుర్చీలో శూన్యం వస్తాయి. పెట్టె ఇంత బరువు లేకపోతే దాన్నే మీ కుర్చీలో పెట్టి, గది చుట్టూ మోకాళ్ల మీద పాకుతూ బేస్ సమంగా వినిపించే చోటు వెతకవచ్చు. ఆ పనికి ఏదైనా చిన్న సబ్‌వూఫర్‌ను అరువు తెచ్చుకోండి. తెలిసిన తరువాత పెద్దదాన్ని అక్కడికి జరపండి, సాధారణంగా అది ఏదో ఒక మూలే అవుతుంది.

రిసీవర్‌లో మిగతా స్పీకర్లను ‘స్మాల్’గా ఉంచి క్రాసోవర్ (ఏ పౌనఃపున్యానికి కింది బేస్ సబ్‌వూఫర్‌కు పోవాలో చెప్పే హద్దు) 80 హెర్ట్జ్ పెట్టండి, ఎల్‌ఎఫ్‌ఈ (సినిమాలో బేస్‌కే కేటాయించిన ట్రాక్) ఫిల్టర్ 120 వద్ద వదలండి. కొలతకు ఆర్‌ఈడబ్ల్యూ ప్రోగ్రాం ఉచితం, దానికి క్యాలిబ్రేషన్ ఫైలుతో వచ్చే మైకు కొనండి. ఫోను మైకు ఈ లోతుల్లో నమ్మదగినది కాదు. గ్రాఫులో లేచిన శిఖరాలను ఈక్వలైజర్‌తో తగ్గించండి. లోయలను పెంచాలని చూస్తే వాట్లు ఖర్చవుతాయి గాని లోయ పూడదు.

చివరి పని గదిలోని గలగలలను పట్టుకోవడం. 15 నుంచి 60 హెర్ట్జ్ దాకా మెల్లగా జారే స్వరం వాయిస్తూ గదిలో తిరిగితే బీరువా మీది సూట్‌కేసు, షోకేసు అద్దం, కిటికీ గొళ్లెం, ఫాల్స్ సీలింగ్ లైటు ఒక్కొక్కటి తన తన పౌనఃపున్యంలో బయటపడతాయి. మా ఇంట్లో 25 హెర్ట్జ్ దగ్గర వచ్చే ఒక టకటకను రెండు వారాలు వెతికాను, డ్రైవర్ ఊడదీసి చూశాను, కాయిల్ పోయిందనుకుని కొత్తది వెతకడం కూడా మొదలుపెట్టాను. మా అన్నయ్య కొడుకు ఆడుకుంటూ గొట్టంలో వేసిన గోళీ అడుగు పలక మీద దొర్లుతోంది. అప్పటి నుంచి గొట్టాల నోళ్ల మీద అర అంగుళం కన్నాల ఇనుప జాలీ బిగించాను. అంతకంటే సన్న జాలీ వేస్తే గాలి చప్పుడు చేస్తుంది. బల్లులు దూరకుండా, సినిమా లేనప్పుడు పైన ఒక చెక్క మూత పెడతాము, వాయించే ముందు దాన్ని తీయాలి.